ఫోటోల భాయి పక్కన దీపం పట్టినదాన్ని

మా పక్కింటి ఫోటోల భాయి పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను వాకిట్లో బియ్యం చెరుగుతుంటే ఆయన కోడలు గోడ పక్కకు వచ్చి, "పెద్దమ్మా, మామ లేస్తలేడు" అంది. చేట కింద పెట్టి పరుగెత్తాను. నిద్రలోనే పోయారు. మొహం మామూలుగానే ఉంది.

నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. వాన రాకపోతే రాలేదని, వస్తే గోడ కూలుతుందని, మా ఇంటాయన జమ్మికుంటకు పత్తి బండి తోలుకుపోతే తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటాను. ఇన్ని ఫికర్లు చేసినదాన్ని, ఈ మనిషికి ఏమన్నా అవుతుందని ఒక్కనాడూ అనుకోలేదు. ఎన్ని రోజులైనా గోడ అవతల ఆ దగ్గు వినిపిస్తూనే ఉంటుందనుకున్నాను.

నిజాం సర్కారు పోయిన కొత్తల్లో ఆయన కరీంనగర్‌లో స్టూడియో పెట్టారు. అందులో హంసలు, చెరువు గీసిన గుడ్డ తెర ఒకటి ఉండేది. అందరూ దాని ముందే నిలబడి ఫోటో దిగుతామనేవారు. ఆయనకు మాత్రం ఆ తెర అంటే చిరాకు. "గీ చెరువుల ఎవలన్న కాళ్లు కడుక్కుంటరా అక్కా? పెండ్లిపిల్లను గాలి తలిగే జాగల నిలవెట్టాలె" అనేవారు. అందుకే పెళ్లికూతుళ్లను ఆరుబయటికి తీసుకుపోయి ఫోటో తీసేవారు.

ఆరుబయట పొద్దు వెనుక నుంచి కొడితే మొహం నల్లబడుతుంది. పొద్దుకు ఎదురుగా నిలబెడితే పిల్ల కళ్లు చిట్లిస్తుంది. దానికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. వెండిలా మెరిసే ఒక పళ్లెం, దాని నడుమ బల్బులాంటి గాజు బుగ్గ, అక్కడి నుంచి కెమెరా దాకా పొడుగాటి తీగ. కెమెరా నొక్కగానే బుగ్గ ఒక్కసారి భగ్గున వెలిగి మాడిపోతుంది. ఒక్కో ఫోటోకు ఒక్కో బుగ్గ. ఆ పళ్లెం కెమెరా పక్కనే ఉండకూడదు, పిల్లకు ఒక వైపున, కొంచెం ఎత్తులో పట్టుకోవాలి. "వెలుగు ఎదురుంగ వడితె మొఖం జొన్నరొట్టె లెక్కయితది. పక్కనుంచి వడితెనే ముక్కు ముక్కయితది" అనేవారు.

పట్టుకోవడానికి మగమనిషి పెళ్లికూతురికి అంత దగ్గరగా నిలబడితే ఇళ్లవాళ్లు ఒప్పుకోరు. అందుకని పండిన తలతో ఉన్న నన్ను అడిగారు. మా ఇంటాయన నవ్వి, "పో, నీ ఫికర్లు జర బయట గూడ పెట్టిరా" అన్నారు.

మొదట్లో నాకు చేతులు ఒకటే వణుకు. బుగ్గ పగిలి పిల్ల కళ్లలో పడితే? పట్టుచీర అంటుకుంటే? "భాయీ, నా చెయ్యి వణుకుతున్నది, ఫోటో గూడ వణుకుతదేమో" అంటే ఆయన తల ఎత్తకుండానే, "నీ వణుకు కంటె బుగ్గ జల్ది అక్కా, ఫికర్ జెయ్యకు" అన్నారు. తల ఎత్తకుండా అని ఎందుకు చెప్పానంటే, ఆయన కెమెరా పైనుంచి చూసే పెట్టె. దాన్ని పొట్టకు ఆనించుకుని, తల వంచి లోపలికి చూసేవారు. ఎదురుగా ఉన్న మగవాడే తల దించుకుంటే ఆడపిల్లకు ఇంకేం సిగ్గు?

కొండగట్టు మీద ఒకసారి కోతి వచ్చి నా చేతిలో పళ్లెం లాక్కుపోయింది. నేను గుండెలు బాదుకుంటున్నాను. అది బండ మీద కూర్చుని, పళ్లెంలో తన మొహం అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటోంది. "ఉండనియ్యక్కా, దానికి గూడ లగ్గం కుదిరిందేమో" అన్నారు భాయి. అరటిపండు ఇస్తేగాని అది పళ్లెం వదల్లేదు.

అన్నిటికంటే ధర్మపురి పెళ్లి చెప్పాలి. పెళ్లికూతురి తల్లి లగ్గానికి మూడు రోజుల ముందు బండి దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. కరీంనగర్ దవాఖానలో కాలికి పట్టీ కట్టి పడుకోబెట్టారు. ముహూర్తం ఆగదు కదా. ఆమె భాయిని పిలిపించి ఒకే మాట అంది. "ఒక్కతే బిడ్డ. లగ్గం సూసే రాత లేకపాయె. గోదారి ఒడ్డున నిలవెట్టి ఒక్క ఫోటో తియ్యి. అది తల ఒంచుకుంటది. నాకు మొఖం కనవడాలె, గంతే."

లగ్గమంతా మంది మధ్య అయిపోయింది. అప్పగింతలయ్యాకగాని పిల్ల మాకు చిక్కలేదు. గోదావరికి అవతల ఆదిలాబాద్ వైపు అత్తవారి ఊరు, పడవలో దాటాలి. పొద్దు నీళ్ల మీదికి వాలుతోంది. పెట్టెలో బుగ్గలు రెండే మిగిలాయి. ఇసుకలో పిల్లను నిలబెట్టారు భాయి. మొదటి బుగ్గ అడుగును నాలుకతో తడిపి పళ్లెంలో బిగించారు. అలా తడిపితే బాగా అంటుకుంటుందని ఆయన అలవాటు. "తల లేపు బేటీ" అన్నారు. లేపింది, కాని నొక్కే సమయానికి మళ్లీ దించింది. బుగ్గ మాడిపోయింది, పాపిట తప్ప ఏమీ పడి ఉండదు.

పిల్ల మేనత్త అదంతా చూస్తోంది. "ఓ పిన్నీ, ఎంగిలి జేసిన దీపం పిల్ల మొఖం మీద ఏస్తరా? పసుపుబట్టలన్న ఆరలే ఇంకా!" అంది నా చెవిలో. ఆ పిల్ల కాపురానికి ఏదన్నా అయితే నా చేతి మీదుగానే కదా! భాయి రెండో బుగ్గను కూడా నాలుకతో తడిపి, నా చేతికిచ్చి బిగించమని, అటు తిరిగి రీలు తిప్పుకుంటున్నారు. ఆయన తడిపిన చోట కొంగుతో గట్టిగా తుడిచాను. అంతటితో ఊరుకున్నానా? పిల్ల ఒడిబియ్యంలో నుంచి చిటికెడు పసుపు తీసి, తడి చేసి, బుగ్గ అడుగున బొట్టులా పెట్టి బిగించాను. శుభమే కదా అనుకున్నాను.

భాయి నొక్కారు. వెలగలేదు. మళ్లీ నొక్కారు. లేదు. తీగ ఊపి చూశారు, బ్యాటరీ మసాలా గట్టీలు తీసి మళ్లీ పెట్టారు. పడవవాడు అరుస్తున్నాడు. "ఓ పెండ్లోళ్లూ! పొద్దు గూకినంక నేను పడవ ఎయ్య. ఎక్కుతరా, ఇసుకల పండుతరా?"

దవాఖానలో మంచం మీద ఉన్న తల్లి నా కళ్ల ముందు మెదిలింది. చెబితే ఏమంటారో, చెప్పకపోతే ఏమవుతుందో.

"భాయీ, నేనే... బుగ్గకు పసుపు పెట్టిన" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. "పసుపు వెట్టినవా? మరి కుంకుమ?"

"దొరకలే భాయీ."

బుగ్గ ఊడదీసి గోరుతో పసుపు గీకారు. మేనత్త వైపు తిరిగి, "అమ్మా, ఒక్కసారి కండ్లు మూసుకో, నీ కోడలి కోసం" అన్నారు. ఆమె నిజంగానే మూసుకుంది. భాయి బుగ్గను నాలుకకు ఆనించి, చప్పరించి, "పసుపు మంచిగనే ఉన్నది గని అక్కా, ఉప్పు తక్కువైంది" అన్నారు. నాలుక పచ్చగా ఉంది.

పిల్ల ఫక్కున నవ్వింది. తల దానంతట అదే పైకి లేచింది. "పట్టక్కా!" అన్నారు. పట్టాను. భగ్గుమంది.

పడవ కదిలాక ఇసుకలో కూలబడి ఏడ్చాను. భాయి తీగ చుట్టుకుంటూ, "ఫికరున్నోళ్ల చెయ్యి వణుకుతది గని, దీపం జారనియ్యది" అన్నారు. తప్పు నాదైతే మంచిమాట ఆయనది.

రెండు రోజులకు ఫోటో పట్టుకుని దవాఖానకు పోయాం. దారంతా నాకు కొత్త భయం. పెళ్లికూతురు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది, తల్లి ఏమంటుందో! ఆడవాళ్ల వార్డు గనుక భాయి బయట వరండాలోనే ఆగిపోయారు. నేను లోపలికి పోయి ఫోటో చేతికిచ్చాను.

ఆమె చాలాసేపు చూసింది. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. "పన్ను మీద పన్ను. అది కనవడకుంట మూతి ముడుసుకునే తిరుగుతుండె. గిది నా పొల్లే, పిన్నీ. గోదారి గూడ వడ్డది సూడు."

తర్వాత "తీసినాయన ఏడి?" అని అడిగింది. కిటికీ అవతల ఉన్నారని చూపించాను. ఆమె మంచం మీద నుంచి లేవలేదు కదా, ఒంటిని కొంచెం పక్కకు ఒరిగించి, చెయ్యి చాచగలిగినంత చాచి, ఫోటోను కిటికీ వైపు తిప్పి పట్టుకుంది.

"సూడు భాయీ, నా బిడ్డ!" అంది, ఆయన ఎన్నడూ చూడనట్టు.

భాయి నెత్తి మీది టోపీ సర్దుకుని, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి వంగారు. నిజంగా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, కళ్లు పెద్దవి చేసి, ఆమె చెయ్యి అలిసి దించేదాకా చూస్తూనే నిలబడ్డారు.