ఎవరూ పోని సైరన్

మా గోదావరిఖనిలో గడియారం లేని ఇళ్ళు ఉండేవి గానీ సైరన్ వినబడని ఇల్లు ఉండేది కాదు. షిఫ్టు వేళకు మోగితే ఎవరూ తల కూడా తిప్పరు. బాపు డ్యూటీకి బయల్దేరడం, అవ్వ టిఫిన్ గిన్నె మూత బిగించడం, నేను బడికి జడ వేసుకోవడం, అన్నీ దాని ప్రకారమే సాగేవి. వేళ కాని వేళ మోగితే మాత్రం మా లైన్‌లోని క్వార్టర్లన్నిటిలో ముందు ఒకటే పని జరిగేది. పొయ్యి ఆర్పేవాళ్ళు. అన్నం సగం ఉడికినా సరే, నూనె కాగుతున్నా సరే. ఆర్పి, తలుపులు బార్లా వదిలేసి బాయి గేటు దగ్గరికి ఉరికేవాళ్ళు. బాయి అంటే మాకు నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. అవ్వ అంటే అమ్మమ్మ కాదు, అమ్మ.

గేటు దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు ఏమీ అడగరు. పేరు లోపల్నుంచి రావాలి. వచ్చిన పేరు మన మనిషిది కాదని తేలినా ఇంటికొచ్చి పొయ్యి ముట్టించరు. ఏడుపు మొదలైన ఇంట్లో చేయాల్సినవన్నీ అయ్యేదాకా లైన్ మొత్తం చల్లటి పొయ్యిలే. మేం పిల్లలం ఆకలని గునిస్తే అవ్వ దోసిట్లో అటుకులు పోసి, "నోరు మూసుకొని తిను, ఆ ఇంట్ల పోరగాండ్లు అది గూడ తింటలేరు" అనేది. మా అవ్వ నోరు అలాంటిది. నాకూ అదే వచ్చిందని మావాళ్ళంటారు, కాదనను.

ఆ నోటి వల్లే కావచ్చు, పదో తరగతి అయ్యాక నేను ఒక ఎంపికలో నెగ్గాను. పిల్లల్ని ఒక ఏడాది పరాయి దేశంలో, అక్కడి కుటుంబం ఇంట్లో ఉంచి చదివించే కార్యక్రమం అది. ఇంగ్లీషు తప్పులతడకగా ఉన్నా నేను గట్టిగా మాట్లాడానని మా టీచర్ తర్వాత చెప్పింది. ఫ్రాన్స్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊరికి పంపారు. వెళ్ళేముందు బాపు బజారంతా తిరిగి చెప్పుకున్నాడు. అవ్వ మాత్రం బెల్లంపల్లిలో ఉన్న మా మేనత్త దగ్గర్నుంచి మామిడికాయ తొక్కు తెప్పించి నా పెట్టెలో పెట్టింది.

నేనున్న గది కిటికీలోంచి ఒక నల్లటి గుట్ట కనిపించేది. అచ్చం మా ఊరి బొగ్గు మట్టి గుట్టలాగే. ఇదేమిటని అడగడానికి నాకింకా వాళ్ళ మాటలు రావు. వెళ్ళిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం ఆ ఇంటావిడ బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని సైగ చేసి దుకాణానికి పోయింది. అప్పుడు మోగింది సైరన్. పరాయి దేశం, పరాయి ఇల్లు, అదేదీ గుర్తు లేదు. నా చెయ్యి పోయి పొయ్యి ఆర్పేసింది. చెప్పులు లేకుండా, తలుపు తెరిచేసి ఆ నల్లగుట్ట వైపు పరుగెత్తాను. గుట్ట ఉన్నచోట బాయి ఉంటుంది, బాయి ఉన్నచోట గేటు ఉంటుంది. నాకు తెలిసిన భూగోళం అంతే.

వీధిలో ఎవరూ పరుగెత్తడం లేదు. ఒకాయన తాపీగా కారు కడుక్కుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీడికి మనిషన్నవాడు ఒక్కడూ లోపల లేడా అనుకున్నాను. వీధి చివర ఇంటి గుమ్మంలో మాత్రం ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నా మట్టి కాళ్ళు చూసింది, ముఖం చూసింది. దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. సైరన్ ఆగింది, ఆగాక కూడా చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత లోపలికి తీసుకుపోయింది. పొయ్యి మీద సూప్ గిన్నె ఉంది, కింద మంట లేదు. గోడ మీద తలకు లైటు కట్టుకున్న ఒక పడుచువాడి ఫోటో ఉంది. మా ఇద్దరి మధ్య భాష లేకపోయినా అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఆమె ముందే ఏడ్చాను. ఆమె పొయ్యి వెలిగించి, సూప్ వేడిచేసి నా ముందు పెట్టింది.

నేనున్న ఇంటావిడ సాయంత్రం కాగితం మీద బొమ్మలు గీసి మరీ వివరించింది. నెలకోసారి, మొదటి బుధవారం మధ్యాహ్నం, ఆ దేశంలో ఊరూరా సైరన్ మోగిస్తారట. పని చేస్తుందో లేదో చూడటానికి. అంతే, ఏమీ జరగదు. ఆ ఊళ్ళో గనులు మూసేసి చాలాకాలమైంది. ముసలమ్మ భర్త లోపలే పోయాడు. అయినా మొదటి బుధవారం ఆమె పొయ్యి ఆర్పి గుమ్మంలోకి వస్తుంది. ఆ ఏడాదంతా ఆ రోజున నేను బడి నుంచి నేరుగా ఆమె దగ్గరికి పోయి పక్కన నిలబడ్డాను. వచ్చేముందు ఆమె నన్ను పట్టుకుని వదల్లేదు.

తిరిగొచ్చి డిగ్రీ చేసి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో టీచరయ్యాను. అలా వెళ్ళొచ్చిన వాళ్ళం ఏదో ఒకటి చేయాలని, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు క్యాంపు పెట్టమని ఆ కార్యక్రమం వాళ్ళు అనేవారు. రామగుండం చుట్టుపక్కల అలాంటివాళ్ళం ఇద్దరమే. నేను, జపాన్ వెళ్ళొచ్చిన, జ్యోతినగర్ కరెంటు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉండే ఇంజనీరుగారబ్బాయి. కాలనీలోని కమ్యూనిటీ హాల్ అడిగి తీసుకున్నాం. మా ఎండల సంగతి తెలిసిందే కాబట్టి తెల్లారగానే మొదలుపెట్టి పొద్దెక్కేలోపు పిల్లల్ని ఇళ్ళకు తోలేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం రోజులు కావడంతో బంద్ వస్తే మా క్యాంపూ బంద్. పిల్లలకు ఇంగ్లీషు కంటే నినాదాలే స్పష్టంగా వచ్చేవి.

ఒక వేసవిలో వాళ్ళకో పని పెట్టాను. మన ఊరి పేరే వినని మనిషికి మన ఊరు గురించి చెప్పండి అన్నాను. గోదారి అన్నారు, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలన్నారు, గుడి అన్నారు. తొమ్మిదో తరగతి అయిపోయిన ఒక పిల్ల చివర్లో లేచింది. ముందు తెలుగులో చెప్పమన్నాను.

"మా ఊర్ల సైరన్ మోగితె అందరు టైం చూస్తరు మేడం. టైం ప్రకారమైతె ఎవలకు ఫికర్ లేదు. కాకపోతె పొయ్యి ఆర్పుతరు. మా అవ్వ గట్లనే ఆర్పి గేటు కాడికి ఉరికింది. మళ్ళ మా ఇంట్ల పొయ్యి ముట్టడానికి శాన దినాలు పట్టింది."

ఇంజనీరుగారబ్బాయి నావైపు వంగి, "సైరన్ అంటే షిఫ్టుకే కదా అక్కా?" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు, వాళ్ళ టౌన్‌షిప్‌లో దాని అర్థం అంతవరకే. ఆ పిల్లను వదిలిపెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

వదల్లేదు కూడా. మరుసటి వేసవిలో ఆ పిల్ల హైదరాబాద్‌లో ఎంపికకు పోయింది, నెగ్గింది. నేను వెళ్ళిన దేశమే అడగమన్నాను, అదే ఇచ్చారు. ఖర్చంతా వాళ్ళదే. సంతకం పెట్టాల్సిన తల్లి మాత్రం పెట్టనంది.

ఆ తల్లి నాకు ముఖపరిచయమే. భర్త బాయిలో బండ కూలి చనిపోతే, ఆయన బదులు ఆమెకు కంపెనీ దవాఖానలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. నేను కోపంతోనే వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా మనసులో మాటలు నూరుకుంటూ పోయాను. ఆడపిల్లని కాళ్ళు కట్టేస్తావా అని కడిగేద్దామనుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పిల్ల తలుపు పక్కన నిలబడింది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రా చెల్లె, కూసో," అంది తల్లి. "నువ్వెందుకొచ్చినవో నాకెర్కనే. చదువద్దంటలేను. హైదరాబాద్‌ల చదువుతనన్నా తోలిస్త. గా దేశం మాత్రం వద్దు."

"ఎందుకద్దక్కా? ఒక్క ఏడే. కండ్లు మూసి తెరిచేలోపు వస్తది."

"కండ్లు మూసుడే నాతోని కాదు చెల్లె."

నేను ఇంకేదో అనబోయాను. ఆమె గింజలు తీయడం ఆపింది.

"ఈడ ఏమన్న అయితె సైరన్ మోగుతది. ఉరుకుత. ఆయన పోయిన్నాడు అందరికన్న ముందు గేటు కాడికి పోయిన. ఆఖరికి మొఖమన్న చూసుకున్న. గాడ నా బిడ్డకు ఏమన్న అయితె నాకేం మోగుతది? నేను ఈడ నవ్వుకుంట అన్నం తింట ఉంటనేమో. అట్ల బతుకుడు నాతోని గాదు."

మా అవ్వ నన్ను పంపగలిగిందంటే, సైరన్ మా ఇంట్లోంచి ఎవర్నీ తీసుకుపోలేదు కాబట్టే. బాపు దగ్గుకుంటూనైనా రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టాక ఆమె మీద కోపమంతా దిగిపోయింది.

వాదించడం మానేసి ఆమెకు ముసలమ్మ సంగతి చెప్పాను. బంగాళాదుంపలు, ఆర్పిన పొయ్యి, నల్లగుట్ట, నా చెయ్యి పట్టుకున్న చెయ్యి, అన్నీ. ఆమె కదలకుండా విన్నది.

"ఆమె మొగడు బాయిలనే పోయిండా?"

"బాయిలనే."

"ఆమె గూడ పొయ్యి ఆర్పుతదా?"

"ఇప్పటికీ ఆర్పుతదక్కా. ఆడ బాయి లేదు, బొగ్గు లేదు. నెలకోసారి సైరన్ ఉత్తగనే మోగిస్తరు."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఉత్తగనే మోగిస్తరా? సైరన్‌తోని ఆటలేంది?" అంది. సిసలైన కోపం అది. చింతపండు పక్కకు నెట్టింది. మళ్ళీ తనే అడిగింది.

"మోగినా ఎవ్వరి పానం పోదా?"

"ఎవ్వరు పోరక్కా."

"నేను నమ్మ. చెవులార ఇంటెనే నమ్ముత." కూతురి వైపు తిరిగింది. "పోయినంక గా సైరన్ నాకు ఫోన్ల ఇనిపియ్యాలె. ఇనిపియ్యకపోతె ఈ చెల్లెనే తోలిచ్చి నిన్ను వాపస్ తెప్పిస్త."

పిల్ల తల ఊపింది. తల్లి చేతులు కడుక్కొచ్చి సంతకం పెట్టింది. ఎండలు తగ్గాక పిల్ల రామగుండం స్టేషన్లో రైలెక్కింది. తల్లి కిటికీ ఊచల్లోంచి దాని తల నిమురుతూనే ఉంది, రైలు కదిలాక కూడా పక్కనే నడిచింది.

మొదటి బుధవారం వచ్చింది. అక్కడ మధ్యాహ్నమైతే మనకు సాయంత్రం చాయ్ వేళ. నేను బడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. సంగతి ఎలా పాకిందో, లైన్‌లో ఆడవాళ్ళంతా ఆ వాకిట్లో ఉన్నారు. భర్తలు రెండో షిఫ్టుకు పోయినవాళ్ళు ఉన్నారు, భర్తలు లేనివాళ్ళూ ఉన్నారు. పిల్ల తల్లి దవాఖాన చీర కూడా మార్చుకోలేదు. లోపల పొయ్యి మీద చాయ్ గిన్నె సన్నగా మరుగుతోంది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. "అవ్వా, కిటికీ కాడ నిలబడ్డ, ఇను," అంది పిల్ల.

మొదలైంది. మా సైరన్ కంటే కొంచెం సన్నం, అయినా సైరనే. ఎక్కడో సముద్రాల అవతల మోగుతున్నది మా వాకిట్లో లేచి పడుతోంది. నా పక్కన నిలబడ్డ ఒకామె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తల్లి ఫోన్ నా చేతిలోనే వదిలేసి లేచి లోపలికి పోయింది. పొయ్యి ఆర్పేసి వచ్చింది. తను ఏం చేసిందో తనకే తెలిసినట్టు లేదు.

సైరన్ ఆగింది. ఫోన్‌లోంచి ఏదో పక్షి అరుపు, దూరంగా ఒక కారు పోతున్న చప్పుడు వినిపించాయి. తల్లి ఫోన్ మీదికి వంగింది.

"బిడ్డా, ఎవ్వరు పోలేదు గదా?"

"ఎవ్వరు పోలేదవ్వా. రోడ్డు మీద పిల్లలు ఆడుకుంటున్నరు."

"మంచిగ చూసి చెప్పు."

"చూసిన అవ్వా. అందరు ఉన్నరు."

ఆమె గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. వాకిట్లో ఒకామె, "అప్పుడే ముట్టిస్తున్నవా?" అంది మెల్లగా.

"ముట్టిస్తున్న," అంది ఆమె లోపల్నుంచి. "ఎవ్వరు పోలేదట. చాయ్ తాగి పోండ్రి."