నిలబడితేనే వణుకు

పిల్లల్ని కారులో బడికి దింపి, మళ్లీ ఇళ్లకు చేర్చడం అతని పని. ఎంత నెమ్మదిగా నడుపుతాడంటే, తల్లులందరూ కలిసి 'నిదానం' అని పేరు పెట్టేశారు. సైకిళ్లు కూడా దాటిపోతున్నాయని ఎగతాళి చేస్తారు గానీ, తమ పిల్లల్ని మాత్రం ఇంకొకరి బండి ఎక్కించరు. ఆ నమ్మకమే అతనికి ఇంత తిండి పెడుతోంది.

అలాంటి నిదానం ఈమధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. కారు మరీ పాతది. పరుగెత్తినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఎర్రదీపం దగ్గర ఆగిందా, ఇక చూడండి దాని వణుకు! అద్దాలు టకటకలాడతాయి, సీట్లు ఊగిపోతాయి. "తాతా, కారుకి చలేస్తోంది!" అని వెనక పిల్లలు ఒకటే కిలకిలలు. అతనూ నవ్వుతాడు. నవ్వుతూనే, స్టీరింగ్ మీదున్న కుడిచేతిని ఎడంచేత్తో అదిమి పట్టుకుంటాడు.

ఎందుకంటే ఆ చెయ్యీ వణుకుతోంది. కారులాగే, పనిలో ఉన్నంతసేపూ దానికేం లేదు. ఊరికే పెట్టిందే తడవు, బొటనవేలు దానంతటది కదలడం మొదలెడుతుంది. రోజంతా ఊగే బండిలో కూర్చుంటే ఆ ఊపు ఒంటికి పట్టదా ఏం, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు పాపం. ఇంట్లో చెయ్యి ఖాళీగా ఉంచడు. గుడ్డ పట్టుకుని ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాడు. "ఇంత శుభ్రం ఎప్పుడు నేర్చుకున్నారండీ?" అని భార్య దెప్పుతుంది.

భయం ఊరికే రాలేదు. అతని తండ్రి సెలూన్ నడిపేవాడు. ఆయనకూ బొటనవేలితోనే మొదలైంది. చలి అన్నాడు, నిద్ర చాలలేదన్నాడు, కత్తి మాత్రం కింద పెట్టలేదు మహానుభావుడు. ఒకనాడు ఎవరికో చెవి కింద నెత్తురు కారింది. కొడుకు అది కళ్లారా చూశాడు. ఇప్పుడు తన వెనక సీట్లో కూర్చునేది పరాయివాళ్ల పసిపిల్లలు.

మెకానిక్ చూసి ఇంజన్ విప్పాలన్నాడు. భార్య ససేమిరా అంది.

"ముందు చవకవి చూద్దామండీ. ఏదీ కాకపోతే అప్పుడు విప్పుకోవచ్చు."

ఆవిడ ఒక పని పట్టుకుందంటే ఇక వదలదు. గాలి ఫిల్టరు దులిపింది, వణుకు పోలేదు. ప్లగ్గులు విప్పి మసి గీకి మళ్లీ బిగించింది, పోలేదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో పేరుకున్న జిడ్డంతా కడిగింది. అబ్బే! ప్రతిసారీ ఆవిడ తల పట్టుకుని కూర్చుంటే, ఇతని మొహం మాత్రం వెలిగిపోయేది.

"పోనీలేవే. పాత బండి, అలాగే ఉండనీ."

"మీకేమైనా పిచ్చి పట్టిందా? బాగుపడకపోతే సంబరం దేనికి?"

కారు వణుకుతున్నంతకాలం తప్పు కారుది. అది కాస్తా కుదురుకుంటే?

ఓ సెలవునాడు పొద్దున్నే ఆవిడ మొక్కలకు నీళ్లుపెట్టే పైపులోంచి ఒక ముక్క కోసుకొచ్చింది. అతన్ని లోపల కూర్చుని స్టార్ట్ చెయ్యమంది. బానెట్ ఎత్తి, పైపు ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస ఇంజన్ మీద మెల్లగా తిప్పుతూ వచ్చింది.

"ఆఁ... ఇక్కడేదో బుసకొడుతోంది! రబ్బరు గొట్టం చిట్లిందండీ, అందులోంచి గాలి లాగేస్తోంది!"

"వద్దే," అన్నాడు. ఆవిడకు వినిపించలేదు. చిట్లినచోట వేలితో గట్టిగా నొక్కింది.

అంతే. అద్దాలు ఊరుకున్నాయి. సీటు ఊరుకుంది. ఇంజన్ నడుస్తోందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మది.

"ఏమండీ! చిట్లిన కొస కోసేసి బిగిస్తే సరి, పైసా ఖర్చు లేదు! రేపట్నుంచి పిల్లలు హాయిగా కూర్చుంటారు!" బానెట్ అవతల ఆవిడ ఆనందం పట్టలేకపోతోంది.

అతను తల వంచి చూసుకున్నాడు. స్టీరింగ్ కదలడం లేదు. దానిమీద బొటనవేలు కదులుతోంది.

ఇప్పుడూ నవ్వేసి ఊరుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు? కానీ ఆ 'రేపట్నుంచి' అనే మాట విన్నాక అతను నవ్వలేకపోయాడు. ఇంజన్ ఆపి దిగాడు. కారు పట్టుకుని ఆవిడ దగ్గరికి నడిచి, జిడ్డు అంటిన ఆ చేతిలో తన చెయ్యి పెట్టాడు.

"నాకు భయంగా ఉందే. పట్టుకుని చూడు."

ఆవిడ పట్టుకుంది. మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఎన్నాళ్లనుంచి?"

"కారు కంటే ముందునుంచే."

ఆవిడ ఒక్కసారిగా అతని చేతిని రెండు చేతులతో గట్టిగా మూసేసింది. మూసినా లోపల అది ఆగలేదు. "మరి రేపు పిల్లలు..." అని ఆగిపోయింది.

"నేను నడపను," అన్నాడు. "ఆ తల్లులకు నువ్వే ఫోన్ చెయ్యవే. ఎందుకని అడుగుతారు. నాకు నోరు రాదు."