ముద్ర మారితే రాజారావు గతేంటి?

రాజారావుకు పామన్నా పులన్నా భయం లేదు. కాగితమంటేనే భయం. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంతో కలవకపోతే ఆస్ట్రేలియా ప్రభుత్వం తనను మెడపట్టి విమానం ఎక్కిస్తుందని ఆయన నమ్మకం. సిటిజన్‌షిప్ వచ్చి తొమ్మిదేళ్లయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేనందుకు ఒకప్పుడు ఆయన వీసా నాలుగు నెలలు ఆగింది. అప్పట్నుంచీ శనివారమొస్తే చాలు, సిడ్నీ హారిస్ పార్క్‌లోని ఇంటి నుంచి ఫైలు చంకన పెట్టుకుని లైబ్రరీకి బయల్దేరతాడు. అక్కడ కాపీల మీద అటెస్టేషన్ సంతకాలు పెట్టే పెద్దాయన ఈయన్ను చూస్తే చాలు, కొత్త పెన్ను తీస్తాడు. ఓసారి కుక్కకు టీకా వేయించిన చీటీ కూడా తీసుకెళ్లాడు.

"ఈ కుక్క మీదా?"

"పక్కింటివాళ్లది సార్. పాపం, వాళ్లకు భయపడటం తెలీదు."

అలాంటి మనిషి కూతురు లిఖిత చదివే హైస్కూల్లో స్కూలు ముద్ర మార్చాలని గొడవ మొదలైంది. ఆ ముద్రలో గుర్రమెక్కి తుపాకీ పట్టిన పాతకాలపు పోలీసు ఉంటాడు. లిఖిత స్నేహితురాలు కిర్రా ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్ల. ఓ రోజు లిఖిత వాళ్లింట్లో దోసె తింటూనే చెప్పేసింది.

"మా ముత్తవ్వ వాళ్లను సొంత నేల మీంచి తరిమింది అలాంటోళ్లే అంకుల్. ఆ బొమ్మున్న సర్టిఫికెట్ నేను తీసుకోను."

రాజారావు చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "సర్టిఫికెట్... తీసుకోవా?"

కిర్రా వెళ్లాక లిఖితను పట్టుకున్నాడు. "ముద్ర మారితే నీ పదకొండో క్లాసు రిపోర్టులో గుర్రం, పన్నెండులో ఇంకోటా! మ్యాచ్ అవ్వకపోతే ఏ యూనివర్సిటీ తీసుకుంటుందే?"

"నాన్నా, నోబడీ కేర్స్!"

"ఎవడో ఒకడు కేర్ చేస్తాడమ్మా. నా ఖర్మకొద్దీ మన ఫైలు వాడి చేతికే వెళ్తుంది."

ఇక లిఖితకూ భయం పట్టుకుంది. ముద్ర సంగతి తేల్చే తల్లిదండ్రుల మీటింగులో నాన్న నోరు విప్పితే కిర్రా ముందు తన పరువు గంగలో కలుస్తుంది. అంతకంటే ఘోరం, ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది.

మీటింగు రోజు హాలు కిక్కిరిసింది. ఒక పాత విద్యార్థి లేచి, "ముద్ర మారిస్తే మీ పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడా చెల్లవు" అన్నాడు. తల్లిదండ్రులు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడే రాజారావు ఫైలుతో లేచాడు. లిఖిత ఆయన చొక్కా పట్టి లాగింది.

"నాన్నా, ప్లీజ్, సిట్ డౌన్!"

ఆయన వినలేదు. మైకు ముందు నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"నాకు చాలా భయమండీ. అందుకే ముద్ర మారితే మీకు ఇబ్బందా అని పద్నాలుగు యూనివర్సిటీలకు రాశాను. పద్నాలుగూ ఏం ఫర్వాలేదన్నాయి. రెండైతే ఇక మళ్లీ రాయొద్దన్నాయి."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఇవి వాళ్ల జవాబులు, ఒరిజినల్స్. ఇవి అటెస్ట్ చేయించిన కాపీలు, మూడు సెట్లు. ముద్ర మారితే ఏమీ కాదు. పన్నెండేళ్లు చదివిన పిల్ల సర్టిఫికెట్ వద్దనుకుని ఇంటికెళ్లిపోతే మాత్రం... నాకు నిద్ర పట్టదండీ."

నాన్న భయమంతా తన కోసమే కాదని, కిర్రా కోసమూనని లిఖితకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఆయన మీద బోలెడంత ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

"ముద్ర మార్చాలనేవాళ్లు చేతులెత్తండి" అంది అధ్యక్షురాలు. లెక్కపెట్టే పని లేకుండా హాలంతా చేతులు లేచాయి. రాజారావు కంగారులో రెండు చేతులూ ఎత్తేశాడు.

"సార్, ఒకటి చాలు" అందామె.

ఏది దించితే తప్పవుతుందో తేలక ఆయన బిక్కమొహం వేశాడు. కిర్రా నవ్వుతూ వచ్చి, ఆయన చెయ్యి ఒకటి తనే కిందికి దించి, వదలకుండా పట్టుకుంది.