సల్మా మెషీన్, నా కుళ్లు

రియాద్‌లోని మా వైర్‌లెస్ ల్యాబ్‌లో ఆరేళ్లుగా ఫోన్లకు కేబుళ్లు మార్చి మార్చి సిగ్నల్ పరీక్షించింది నేనే. నిరుడు చేరిన కర్నూలు ఇంజనీరు సల్మా ఆ పనంతా ఒక మెషీనే చేసుకుపోయేలా చేసింది. ఈ రోజు దాన్ని మేనేజర్‌కు చూపిస్తుంటే ఫోన్లన్నీ ఫెయిల్ అయ్యాయి. మెషీన్ వెనక ఒక కనెక్టర్ వదులుగా ఉండటం నాకు కనిపించింది. అయినా పది నిమిషాలు నోరు విప్పలేదు. ఆమె మేనేజర్‌కు క్షమాపణ చెప్పబోతుంటే వెళ్లి బిగించాను.

"ఎప్పుడు చూస్తివన్నా?" అంది.

"ఇప్పుడే" అన్నాను.

ఆమె వెంటనే మేనేజర్‌తో, నా వైపు చూపిస్తూ, లోపం పట్టుకున్నది ఈయనేనని చెప్పింది. ఆయన నా భుజం తట్టాడు.

తెలివిలోనే అనుకున్నాను, మంచితనంలోనూ నన్ను మించిపోయింది. ఇంటికొచ్చాక ఇంకా ఎక్కువ కుళ్లుకుంటున్నాను. మీలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది.