ఆముదం తాగిన పంపు

భూములు పోయాక మా ఇంటికి మిగిలిన గౌరవం తాత కొన్న కారొక్కటే. యుద్ధకాలంలో దాని ఆయిల్ పంపు అరిగిపోయింది, కొత్తది ఎక్కడా దొరకలేదు. బాగుకాకపోతే కారు అమ్ముతానని ఎమ్మిగనూరు షావుకారుకు మాటిచ్చాను. ఆదోని పత్తిమిల్లు మేస్త్రీ పంపు లోపలి పళ్ళచక్రాలు కొత్తవి చేసి బిగించిన రోజున, షావుకారు కారును లాక్కుపోవడానికి ఎద్దులతో సహా వచ్చాడు.

ఇంజను స్టార్టయింది కాని ఆయిలు ఒత్తిడి చూపే ముల్లు లేవలేదు. ఆయిలందక ఇంజను పాడవుతుందని వెంటనే ఆపేశాను.

“ఎద్దుల్ని కట్టేదాప్పా?” అని నవ్వాడు షావుకారు.

“పంపును సుక్క నూనె లేకుండా తుడిసి బిగించినానే!” అన్నాడు మేస్త్రీ.

అక్కడే తెలిసిపోయింది. నూనె తడికి దూది అంటుకుంటుందని మిల్లులో ఏ భాగాన్నయినా పొడిగా తుడిచే బిగిస్తారు. పొడి పంపు నూనెను పీల్చదు. దాన్ని విప్పించి, బండి ఇరుసుకు పూసే ఆముదం నా చేత్తోనే నిండా పోశాను. మళ్ళీ బిగించి స్టార్టు చేస్తే ముల్లు నిటారుగా లేచింది.

“ఎద్దులు మెల్లగా వస్తాయి గానీ, నువ్వు కారెక్కు సావుకారప్పా, ఎమ్మిగనూర్లో దింపుతా” అన్నాను.

దారి పొడవునా షావుకారు ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. నేను ఒక్కసారి కూడా చూడలేదు.