అన్న వంతు పాఠాలు

అన్న పోయాడని ఆయన రూమ్మేట్ ఫోన్ చేసినప్పుడు నేను ఈ అరబ్బు దేశంలో, ఖైతాన్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు మొదట తోచిన మాట చెబితే మీరు తిట్టుకుంటారు: మరి పరీక్షో? ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

మాకు చుట్టరికమేమీ లేదు. ఆయనది రాయచోటి, నాది ఆ పక్క పల్లె. ఆయన డ్రైవరు, నేను కిరాణా కొట్లో బిల్లులు కొట్టేవాణ్ణి. ఇద్దరం ఇంటర్‌తో చదువుకు నీళ్లొదిలినవాళ్లమే. ఆన్‌లైన్‌లో డిగ్రీ చెప్పే ఒక అమెరికా కాలేజీలో చేరాక తెలిసింది, అమెరికా చరిత్ర తప్పనిసరట. మన సీమ చరిత్రే సరిగ్గా తెలియనివాళ్లకు ఇదేం ఖర్మ అని గొణిగాను. అన్న గొణగలేదు. పుస్తకాన్ని రెండు వంతులు చేశాడు. వాళ్ల అంతర్యుద్ధం దాకా నాది, తర్వాతిది ఆయనది. ఎవరి వంతు వాళ్లు చదివి, శుక్రవారం ఆయన నమాజు చేసుకొచ్చాక టీకొట్టు వెనక బల్ల మీద రెండోవాళ్లకు తెలుగులో చెప్పాలి. వినేవాడి చేతిలో పుస్తకం ఉండాలి, చెప్పేవాడు దాని వైపు చూడకూడదు.

నేను తడబడి ఏదో ఒకటి అల్లబోతే పట్టేసేవాడు. "గుర్తు లేకుంటే లేదను అబ్బీ, అతికించి చెప్పొద్దు," అనేవాడు. పన్ను మీద కోపంతో జనం టీ పెట్టెలు సముద్రంలో పారేసిన పాఠం నేను చెబుతుంటే, తన గ్లాసులోకి చూసుకుని, టీ పారబోసినారంటే వాళ్లకు ఎంత మండుంటుందో అని బాధపడ్డాడు. చరిత్ర ఆయనకు ఎప్పుడూ పక్కింటి గొడవే.

తన వంతులో, పొలాలు దుమ్ము కొట్టుకుపోయి, బండికి మంచాలు కట్టుకుని పడమటికి పోయిన రైతుల గురించి చెబుతూ ఒకచోట ఆగాడు.

"వీళ్లు నయం అబ్బీ. పెండ్లాం బిడ్డల్ని ఎంటబెట్టుకునే పోయినారు."

డిగ్రీ వస్తే ఆఫీసు పని, ఆఫీసు పనైతే ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మారుతుంది, ఇఖామా మారితే మీ వదిన ఇక్కడికొస్తుంది. ఇదీ ఆయన లెక్క. పాపం, ఆ ఒక్క ఆశతో ఆ వయసులో పుస్తకం పట్టాడు.

ఆయన్ను ఇక్కడే మట్టి చేశారు. వదిన ఫోన్లోనే చూసింది. ఆయన వంతులో ఒక్క పాఠం మిగిలింది, వచ్చే శుక్రవారం చెబుతానన్నదే. నేను దాన్ని తెరవలేకపోయాను. నా గది నిండా మనుషులే, ఎవరి ఫోను వాళ్లది. వాళ్ల మధ్య కూర్చుని నా వంతు పాఠాలు నాకే చెప్పుకున్నాను. తప్పు చెప్పినా పట్టేవాళ్లు లేరు. దేశం కాని దేశంలో ఒంటరితనం అంటే ఒక్కడే తినడం, ఒక్కడే పడుకోవడం అనుకునేవాణ్ణి, ఇదని తెలియలేదు.

పరీక్ష రేపనగా వదిన ఫోన్ చేసింది. అంతకు ముందు నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"నీకు చెప్పే ముందర నాకు చెప్పేటోడు నాయనా, ప్రతి గురువారం. తప్పు పోతే నీ ముందర నామోషీ అంట."

ఆయన పాఠాలు విన్నది నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్లూ. వదిన ఇక తను ఫోన్ చేసిన పని అడిగింది.

"రెండో పెద్ద యుద్ధం దాకా చెప్పినాడు. అది అయిపోయినాక ఆ సిపాయిలంతా ఇండ్లకు చేరినారా?"

మిగిలిన పాఠం అదే. పుస్తకం తెరిచి ఆ పాఠం మొదటి పేజీ చదివాను. అతికించి చెప్పడానికి మనసొప్పలేదు.

"కొంతమంది చేరినారు వదినా," అన్నాను.

అటువైపు కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ పెట్టింది. ఆమె లేచిన చప్పుడు లేదు.

"చేరినోళ్ల సంగతి చెప్పు నాయనా," అంది.