మిట్టమధ్యాహ్నం కల్లాపి

"ఎర్రనీళ్ళు తియ్యకుండా నా బిడ్డని లోపలికి రానిచ్చేది లేదు."

"లోపలికి ఎప్పుడో వచ్చేసినాడు గదమ్మా. గమ్మునుండు. ఇప్పుడు ఎర్రనీళ్ళు వీధిలో పోసినావంటే పోలీసోళ్ళకి జాబు రాసినట్టే."

"ఏడాదిపైన ఊరుగాని ఊర్లో తిరిగొచ్చినాడే! ఎంతమంది కళ్ళు పడినాయో!"

"పడిన కళ్ళు చాలు. ఈ పూటకి ఇంకెవురి కళ్ళూ పడకుండా చూడు."

మా అమ్మకూ నాకూ మధ్య నిలబడి మా అన్న నవ్వుతున్నాడు. బద్వేలు నుంచి ఆత్మకూరికి బొగ్గుల లారీలో, బస్తాల సందున పడుకుని వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా మసి.

"ఒళ్ళంతా దిష్టిచుక్కే గదమ్మా, ఇంక దిష్టి ఎక్కడ తగులుతాది?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. కూలివాళ్ళకు కూలి పెంచాలని సంఘం పెట్టినందుకు, నెల్లూరు జిల్లాలో అడుగు పెట్టకూడదని ఆయనకు ఉత్తర్వు ఇచ్చారు. పెడితే జైలు. అప్పటినుంచి మర్రిపాడు కొండల అవతల, కడప జిల్లాలో, ఎవరో ఒకరి పంచన బతుకుతున్నాడు. అమ్మకు కళ్ళు మసకబారాయి. పూర్తిగా పోకముందే ఒకసారి మొహం చూపించి పోదామని వచ్చాడు. అదే లారీ మర్నాడు తెల్లవారగానే బద్వేలుకు తిరిగి పోతుంది. మా వీధి చివర హారను కొట్టగానే ఎక్కేయాలి. అందాకా ఎవరికీ తెలియకుండా గడిస్తే చాలు.

నా భర్త గొర్రెల బేరానికి ఉదయగిరి వైపు పోయి నాలుగు రోజులైంది. ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే ఉన్నామని వీధికంతా తెలుసు.

మసి కడగడానికి ఇంట్లో నీళ్ళు చాలలేదు. ఆ ఎండలకు మా వీధి బావి ఎండిపోయి, ఊరి బయట బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చుకునేవాళ్ళం. మూడో తరగతితో బడి మాన్పించారు నన్ను. ఆ తర్వాత నేర్చిన విద్య పొదుపు ఒక్కటే. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు, కాళ్ళు కడిగిన నీళ్ళు సొరపాదుకు. నా ఇంట్లో చుక్క ఊరికే పోయేది కాదు.

రెండో బిందె తెచ్చేసరికి, మా ఇంటి ముందు మూడు దారులు కలిసే చోట ఎర్రటి మరక. తడి ఇంకా ఆరలేదు. అమ్మ పసుపూ సున్నమూ పళ్ళెంలో తడుముకుంటూ కలిపి, అన్నకు దిష్టి తీసి, గోడ పట్టుకుని పోయి మరీ పోసి వచ్చింది.

"ఆమెకి కళ్ళు లేవు, నీకు బుద్ధి లేదా అన్నా? ఎందుకు నిలబడినావు?"

"పోనియ్ పాపా. కొండల ఆ పక్క నన్ను తరిమినోళ్ళు లేరు, రా అని పిలిచినోళ్ళూ లేరు. అమ్మ పిలిచి నిలబెడితే కాదని ఎట్టంటా?"

ఇంటి ముందు ఎర్రనీళ్ళు పడ్డాయంటే ఆ ఇంటికి ఎవరో దూరం నుంచి వచ్చారని పసిపిల్లలకు కూడా తెలుసు. గబగబా బిందెలో పేడ కలిపి ఆ మరక మీద కల్లాపి చల్లాను. బిందె ఖాళీ అయింది. మరక పోయింది.

ఎదురింటి అరుగు మీద శెట్టిగారి తల్లి చింతపండు గింజలు తీస్తున్నది. పక్కన మరో ఇద్దరు ఆడవాళ్ళు. గోడ నీడన, ఊర్లోకి ఎవరొచ్చినా స్టేషనుకు చేరవేసే తలారి చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏందమ్మే, మిట్టమధ్యాన్నం కల్లాపి?" అన్నది ఆమె.

"కుక్క పాడు చేసింది అవ్వా."

"నడివీధిలో కుక్క పాడు చేస్తే నువ్వు బిందెడు నీళ్ళు పోసినావా! మొన్న నేను దాహమంటే అరచెంబు ఇచ్చినదానివి గదమ్మే!"

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. తలారి నవ్వలేదు. చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుని, నిదానంగా లేచి పోయాడు.

మా అవ్వ చెంబుడు నీళ్ళు ఊరికే పారబొయ్యదని ఇప్పుడు నా మనవరాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. నవ్వుకోనిస్తాను. ఆ రోజు సంగతి వాళ్ళకు చెప్పలేదు.

ఆ క్షణమే లోపలికి పోయి, అన్నను వెనక సందున బయటపడి నడిచైనా మర్రిపాడు దారి పట్టమని చెప్పి ఉండాల్సింది. అన్న సంగటి తింటున్నాడు. అమ్మ పక్కనే కూర్చుని, ముద్ద ముద్దకూ ఆయన దవడ తడిమి చూస్తున్నది. తిన్నాక చెబుదామనుకున్నాను. తినగానే నిద్రపోయాడు. లేచాక చెప్పడానికి నోరు రాలేదు. అమ్మను అన్ని మాటలు అని, నేను చేసిన పని ఏ ముఖంతో చెప్పేది? తలారికి ఏం తెలుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం అన్న అడిగాడు: "కూలి ఏమన్నా పెంచినారా పాపా?"

"పెంచలా. సంఘంలో ఉన్నోళ్ళని అసలు పనికే పిలవడం లేదు."

"నా మాట ఎవురన్నా ఎత్తుతారా?"

"ఎత్తుతారు. మమ్మల్ని ముంచి తను తప్పించుకున్నాడంటారు."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆయన లేచి పోయి అమ్మ పక్కన కూర్చున్నాడు.

తెల్లవారింది. వీధి చివర లారీ హారను కొట్టింది. అన్న తువ్వాలు తలకు చుట్టుకుని, అమ్మ కాళ్ళకు మొక్కి తలుపు తీశాడు. వాకిట్లో ముగ్గురు పోలీసులున్నారు, వాళ్ళ వెనక తలారి. అన్న తనే చేతులు చాపాడు. బేడీలు వేసి స్టేషను వైపు నడిపించుకుపోయారు. లారీ ఇంకో రెండుసార్లు హారను కొట్టి బద్వేలు దారిన పోయింది. అమ్మ గడపలో కూలబడింది. ఇంట్లో తాగడానికి నీళ్ళు లేవు. నేను బిందె తీసుకుని ఊరి బయట బావికి పోయాను.